రెండో లంగరుకు చోటు

కెనడాలోని కిచెనర్‌కు సముద్రం లేదు, చెప్పుకోదగ్గ సరస్సూ లేదు. ఊరి అంచున పారే గ్రాండ్ నది దక్షిణంగా వెళ్లి ఈరీ సరస్సులో కలుస్తుంది. పడమరకు కారులో గంటన్నర వెళ్తే గోడ్రిచ్ రేవు. దాని అవతల అంతా హ్యూరన్ సరస్సు నీళ్లే. అయినా మంచు కరిగేసరికి ఈ ఊళ్లో ట్రెయిలర్లెక్కిన తెరచాప పడవలు కనిపిస్తుంటాయి. పడవ ముక్కు దగ్గర వేలాడే లంగరు అందరి కంటా పడుతుంది. రెండోది ఎక్కడుందో ఆ పడవవాళ్లకే తెలుసు.

చట్టం ఆ రెండోదాన్ని అడగదు. 9 నుంచి 12 మీటర్ల విహార పడవలో ఒక లంగరు, దానికి కనీసం 30 మీటర్ల తాడో గొలుసో ఉంటే కెనడా నిబంధనలకు సరిపోతుంది. హ్యూరన్‌కు ఆ లెక్క సరిపోదు. 1913 నవంబరు తుపానులో మహా సరస్సుల మీద డజను ఓడలు మునిగి 250 మందికి పైగా చనిపోయారు. వాటిలో ఎక్కువ ఓడలు పోయింది హ్యూరన్‌లోనే. అలాంటి నీళ్ల మీద రాత్రి గడపదలిచినవాళ్లు రెండో లంగరు లేకుండా రేవు దాటరు.

ఈ జాగ్రత్త వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. ప్రాచీన గ్రీకు ఓడల్లో అన్నిటికన్నా పెద్ద లంగరును విడిగా ఉంచి పవిత్ర లంగరు అనేవారు. మిగతావన్నీ పట్టు తప్పాకే దాన్ని దించేవారు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదివినవాళ్లకు పౌలు ఎక్కిన ఓడ గుర్తుండే ఉంటుంది. చీకట్లో రాళ్లకు కొట్టుకుంటామని భయపడి నావికులు వెనకవైపు నుంచి నాలుగు లంగర్లు వేశారు. తెల్లవారాక తాళ్లు తెంచి, ఆ నాలుగింటినీ సముద్రానికే వదిలేశారు. లంగరంటే ఒక్కోసారి వదిలేసి పోవాల్సిన వస్తువు. ఒకటికి మించి మోసుకెళ్లడానికి అదే అసలు కారణం.

18వ శతాబ్దం నాటికి పెద్ద ఓడల మీద లంగర్లు ఒక కుటుంబమంత అయ్యాయి. రోజువారీ పనికి ముందు భాగంలో రెండు, ఆపదకు దాచిన షీట్ యాంకర్ ఒకటి, ఓడను లాక్కోవడానికి చిన్నవి ఇంకొన్ని. 1770 జూన్‌లో కెప్టెన్ కుక్ నడిపిన ఎండెవర్ ఆస్ట్రేలియా పగడపు దిబ్బ మీద చిక్కుకున్నప్పుడు దాన్ని గట్టెక్కించినవి అవే. నావికులు ఆరు ఫిరంగులను నీళ్లలో పారేశారు. లంగర్లను చిన్న పడవల్లో దూరంగా తీసుకెళ్లి వేసి, వాటి తాళ్లు చుట్టుకుంటూ ఓడను లోతు నీళ్లలోకి లాగారు. అక్కడ వదిలేసిన ఒక లంగరు 1971లో దొరికింది. ఇప్పుడది కుక్‌టౌన్ మ్యూజియంలో ఉంది.

ఆ కాలపు లంగరుకు రెండు ఇనుప చేతులు, వాటికి అడ్డంగా పొడవాటి కొయ్య. ఆ కొయ్య నేలమీద పడుకుంటేనే ఒక చెయ్యి నిటారుగా నిలిచి మట్టిలో దిగుతుంది. పట్టుకు ప్రాణమైన ఆ అడ్డకొయ్యే దాచేటప్పుడు పెద్ద తలనొప్పి. ఎటు తిప్పినా ఏదో ఒక కొస పొడుచుకొస్తుంది. అందుకే దాన్ని ఓడ పక్క గోడకు బయటే కట్టేవారు. తర్వాత ఇనుప కడ్డీ వచ్చింది. దాని కొస వంచి, చీల తీస్తే అది లంగరు కాడ పక్కనే ఒదిగేలా చేశారు. పట్టులో తేడా ఏమీ లేదు, కలిసొచ్చింది చోటే. నా దృష్టిలో అదనపు లంగరు చరిత్ర మలుపు తిరిగింది ఇక్కడే. ఆ తర్వాత వచ్చిన ప్రతి రూపమూ ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న దానితో పాటు, ఎక్కడ పడుకుంటుందన్న ప్రశ్నకూ జవాబు చెప్పాల్సి వచ్చింది.

బరువు ఎంత బాధ పెట్టేదో చూడాలంటే కిచెనర్ నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు. టొరంటోకు ఉత్తరాన హాలండ్ లాండింగ్‌లోని పార్కులో ఒక భారీ లంగరు ఉంది. 1812 యుద్ధం రోజుల్లో జార్జియన్ బేలోని పెనెటాంగ్విషీన్‌లో కట్టబోయే యుద్ధనౌక కోసం ఇంగ్లండ్‌లో చేయించి పంపారు. ఎడ్లతో యంగ్ వీధి వెంట ఈడ్పించారు. దారిలో ఉండగానే యుద్ధం ముగిసింది, లంగరు అక్కడే ఆగిపోయింది.

చిన్న పడవలకు మేలు చేసిన మలుపు 1933లో వచ్చింది. జెఫ్రీ ఇంగ్రమ్ టేలర్ అనే కేంబ్రిడ్జి భౌతిక శాస్త్రవేత్త సీక్యూఆర్ అనే లంగరుకు పేటెంట్ తీసుకున్నాడు. నాగలి కర్రులా మట్టిని చీల్చుకుంటూ దిగే లంగరు అది. నీళ్ల మీద దిగే విమానాలకు బరువు తక్కువ, పట్టు ఎక్కువ ఉన్న లంగరు కావాలి కదా, ఆ అవసరమే దీన్ని పుట్టించింది. టేలర్ స్వయంగా పడవవాడు. 1927లో ఫ్రాలిక్ అనే తన పడవలో నార్వే లోఫోటెన్ దీవుల దాకా వెళ్లొచ్చాడు.

టేలర్ ఇంటి చరిత్రలో మనవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. అతని తల్లి మార్గరెట్ జార్జ్ బూల్ కూతురు. కిచెనర్–వాటర్‌లూ కంపెనీల్లో కోడ్ రాసే తెలుగువాళ్లు రోజూ వాడే బూలియన్ తర్కం ఆ తాతదే. అమ్మమ్మ మేరీ ఎవరెస్ట్, సర్వేయర్ జార్జ్ ఎవరెస్ట్‌కు తమ్ముడి కూతురు. ఆ ఎవరెస్ట్ హైదరాబాదులో సర్వే అధికారి లాంబ్టన్ దగ్గర పని నేర్చి, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ విషజ్వరం పాలై, కోలుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లాడు. తెలంగాణ అడవులు కొలిచిన కుటుంబంలోనే మూడు తరాల తర్వాత ఈ లంగరు పుట్టింది.

సీక్యూఆర్ కుదురుగా పడుకునే రకం కాదు. దానికి తగిన చోటు పడవ ముక్కున ఉన్న రోలరే. అది అక్కడ స్థిరపడ్డాక పాత లంగరు లోపలికి వెళ్లింది. లోపలి చోటుకు సరిగ్గా అమరినది 1940 ప్రాంతంలో అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫోర్త్ చేసిన లంగరు. రెండు వెడల్పాటి రేకులు కాడకు అటూ ఇటూ మడతబడి చదునుగా ఒదుగుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని ఒడ్డున దించే పడవలు దాన్ని వెనకవైపు వేసి, పని కాగానే ఆ తాడు మీదే తమను తాము నీళ్లలోకి లాక్కునేవి. యుద్ధం తర్వాత నైలాన్ తాడు రావడంతో గొలుసు బరువూ తగ్గింది. ఆపైన ఫోర్ట్రెస్ లాంటి అల్యూమినియం లంగర్లు బోల్టులు విప్పితే సంచిలో ఇమిడిపోయేలా వచ్చాయి.

రెండో లంగరును ఎక్కడ పెట్టాలన్నది ఇప్పటికీ తెగని వాదం. ముక్కు దగ్గర ఇంకో బరువు పెడితే పడవ అలల్లో తల ఎక్కువగా ముంచుతుంది. అడుగున, మధ్యలో పెడితే పడవ నిలకడగా ఉంటుంది కానీ అవసరానికి చేతికందదు. వెనక కటకటాలకు బిగిస్తే వెంటనే దించొచ్చు, అయితే ఆ గొట్టాలు ఈడ్పును మోయడానికి చేసినవి కావు. అందుకే తాడును కటకటాలకు కాకుండా పడవ ఒంటికి గట్టిగా బిగించిన కొయ్యకే వేయాలి. నన్నడిగితే చదునుగా, తేలిగ్గా ఉన్నది ఒకటి వెనకవైపు ఉండాలి. జార్జియన్ బేలో తిరిగేవాళ్లు మూడు ముక్కలుగా విడిపోయే పాత రకాన్ని కూడా అడుగున ఉంచుకోవాలి. అక్కడి నున్నటి గ్రానైట్ మీద, నాచు మీద రేకుల లంగరు జారిపోతుంది. ఆ పాత ఇనుప చెయ్యి మాత్రం ఏదో ఒక పగులులో చిక్కుకుంటుంది.

ఎక్కడ పెట్టినా కదలకుండా కట్టాలి. పడవ పక్కకు ఒరిగినప్పుడు పదిహేను కిలోల ఇనుము లోపల దొర్లితే చెక్క పగులుతుంది, కాలూ విరుగుతుంది. రెండో లంగరుకు సొంత గొలుసు ముక్క, సొంత తాడు ఉండాలి, అవి చిక్కుపడకుండా సంచిలో దిగి ఉండాలి. విడిపోయే రకమైతే పడవను నీళ్లలో దించకముందే, ఇంటి ముందు ట్రెయిలర్ మీద ఉండగానే ఒకసారి పూర్తిగా బిగించి చూసుకోవాలి. శీతాకాలమంతా కదలని బోల్టు పట్టేసి ఉంటుంది. దాన్ని విప్పే రెంచి లంగరు సంచిలోనే ఉండాలి.