ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నతీకరణ

ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నతీకరణ అనగా కంప్యూటరులో ఇదివరకే ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ స్థానంలో దాని తరువాతి కూర్పును గానీ, వేరొక వ్యవస్థను గానీ స్థాపించడం. కార్యాలయాలలో ఈ పనిని సాంకేతిక నిపుణులు చూసుకుంటారు. ఇంటి కంప్యూటరు విషయంలో మాత్రం మార్చాలా, ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలా అన్నది ఇంటివారే తేల్చుకోవలసి ఉంటుంది. తెలుగువారికి ఈ ప్రశ్నలో మరొక కోణం కూడా ఉన్నది. 2000 దశకంలో ఇంటి కంప్యూటరులో తెలుగు అక్షరాలు సరిగా కనబడతాయా లేదా అన్నది చాలావరకు అందులోని విండోస్ కూర్పు మీదనే ఆధారపడి ఉండేది. ఆ అవసరం తీరిన తరువాత నిర్ణయం ప్రధానంగా భద్రత, పాత ఫైళ్ల మనుగడ, యంత్రపు శక్తి అనే మూడు విషయాల చుట్టూ తిరుగుతున్నది.

ఉన్నతీకరణ, తాజాకరణ

ఈ రెండింటినీ చాలామంది ఒకటిగానే భావిస్తారు. తాజాకరణ అంటే ఉన్న కూర్పులోనే దొరికిన లోపాలను సరిచేసే చిన్న చిన్న సవరణలు. వీటికి డబ్బు కట్టవలసిన పని లేదు, కంప్యూటరు రూపురేఖలు కూడా పెద్దగా మారవు. ఉన్నతీకరణలో కూర్పే మారిపోతుంది. కనుక లైసెన్సు ఖర్చు, కొత్త హార్డువేరు అవసరం, కొన్ని పాత ప్రోగ్రాములు పనిచేయకపోవడం వంటివి ఎదురుకావచ్చును.

విండోస్ తయారీదారు అయిన మైక్రోసాఫ్టు ప్రతి కూర్పుకూ ఒక తేదీ వరకే సవరణలు అందిస్తుంది. విండోస్ 98కి ఈ గడువు 2006 జూలై 11న, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ముగిసింది. గడువు ముగిసినంత మాత్రాన కంప్యూటరు ఆగిపోదు. మరునాటి ఉదయం కూడా ముందు రోజు లాగే పనిచేస్తుంది. అయితే ఆ తేదీ తరువాత బయటపడే లోపాలను పూడ్చేవారు ఉండరు. ఈ సంగతి తెలియక కొందరు గడువు రాగానే మంచి యంత్రాన్ని పారవేస్తారు, మరికొందరు ఏళ్ల తరబడి అదే యంత్రంలో బ్యాంకు లావాదేవీలు జరుపుతూ ఉంటారు.

తెలుగు కోసం జరిగిన మార్పు

యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 1991లోనే స్థానం లభించినా, ఇంటి కంప్యూటర్లలో అది కనబడడానికి మరో పదేళ్లు పట్టింది. విండోస్ 95, 98 కూర్పులు కోడ్ పేజీలు అనే పాత పద్ధతిపై నిర్మితమైనవి. రష్యన్, అరబిక్, థాయ్ వంటి భాషలకు ఆ పద్ధతిలో కోడ్ పేజీలు ఉండేవి. తెలుగుకు విండోస్‌లో అటువంటిది ఏనాడూ లేదు. అంటే యూనికోడ్ ఆధారిత వ్యవస్థ వస్తే తప్ప తెలుగుకు దారి లేదన్న మాట.

2000 ఫిబ్రవరిలో విడుదలైన విండోస్ 2000 యూనికోడ్ ఆధారితమే. అందులో భారతీయ లిపులలో దేవనాగరి, తమిళం మాత్రమే చేరాయి. హిందీ, మరాఠీల కోసం మంగళ్, తమిళం కోసం లత అనే ఖతులు దానితో వచ్చేవి. తెలుగు, కన్నడ, గుజరాతీ, గురుముఖి లిపులు 2001 అక్టోబరు 25న విడుదలైన ఎక్స్‌పీలో గానీ చేరలేదు. ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఖతి పేరు గౌతమి. ఈ ఇరవై నెలల తేడా తెలుగు, తమిళం రెండూ వినబడే పూర్వపు చిత్తూరు జిల్లా వంటి ప్రాంతంలో విచిత్రమైన పరిస్థితిని కల్పించింది. నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతాలలో రెండు భాషలూ చదివేవారు ఉన్నారు. విండోస్ 2000 ఉన్న ఒకే కంప్యూటరు తమిళ పుటను చక్కగా చూపి, తెలుగు పుటను గళ్లుగా చూపేది.

ఖతిని విడిగా తెచ్చుకున్నా పని పూర్తయ్యేది కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఖతులు అప్పటికే ఉచితంగా లభించేవి. కానీ తెలుగులో ఒత్తులు, గుణింతాలు హల్లుతో కలిసి ఒక్క అక్షరంగా ఏర్పడాలి. ఆ కూర్పు పనిని విండోస్‌లో యూనిస్క్రైబ్ అనే భాగం చేస్తుంది. దానికి తెలుగు తెలియకపోతే శ్రీకాళహస్తిలోని మొదటి అక్షరమే శ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు ముక్కలుగా విడిపోతుంది. కనుక ఖతి ఎంత మంచిదైనా ఆపరేటింగ్ సిస్టమ్ సహకరించనిదే ఫలితం ఉండేది కాదు.

ఎక్స్‌పీలో కూడా తెలుగు దానంతట అది కనబడేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ, భాషా అమరికలు తెరిచి, సంక్లిష్ట లిపులకు సంబంధించిన పెట్టెలో టిక్కు పెట్టి, విండోస్ సీడీని డ్రైవులో ఉంచి, చివరకు కంప్యూటరును మళ్లీ ప్రారంభించవలసి వచ్చేది. దుకాణంలో అసెంబుల్ చేయించి తెచ్చుకున్న కంప్యూటరుతో సీడీ చేతికి రాని ఇళ్లలో పని అక్కడే ఆగేది. 2006లో వచ్చిన లేఖిని వంటి ఉపకరణాలు టైపు చేయడాన్ని సులభం చేశాయి గానీ, టైపు చేసినది సరిగా కనబడడానికి మాత్రం ఈ అమరిక తప్పనిసరి. 2007 జనవరి 30న మార్కెట్లోకి వచ్చిన విస్టాతో ఈ ప్రయాస తీరిపోయింది.

98 నుండి ఎక్స్‌పీకి మారడం తెలుగు పాఠకునికి నిజంగా కొత్త తలుపు తెరిచింది. ఆ తరువాతి ఉన్నతీకరణలలో అంతటి ప్రయోజనం మరేదీ లేదు. విండోస్ 7లో వాణి ఖతి, విండోస్ 8లో నిర్మల యూఐ ఖతి చేరడం మంచిదే కానీ, వాటి కోసమే కూర్పు మార్చవలసిన అవసరం లేదు. 2010లో ఆమోదం పొందిన రూపాయి చిహ్నం కూడా విండోస్ 7కు తాజాకరణ ద్వారానే అందింది.

అను ఫైళ్లు

చిత్తూరు, తిరుపతి వంటి పట్టణాలలోని డీటీపీ కేంద్రాలలో శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు ఏళ్ల తరబడి అను, శ్రీలిపి వంటి ఖతులతోనే తయారయ్యాయి. ఇంట్లో కంప్యూటరు ఉన్న రచయితలు, ఉపాధ్యాయులు, పరిశోధక విద్యార్థులు కూడా వీటినే నేర్చుకున్నారు. ఈ ఖతులు యూనికోడ్‌కు చెందినవి కావు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చి ఇవి పనిచేస్తాయి. ఫైలులో దాగి ఉన్నది నిజానికి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల వరుస. తెర మీద తెలుగుగా కనబడేది ఆ ఖతి ఉన్నంతవరకే.

ఇంటి కంప్యూటరు ఉన్నతీకరణలో నిజంగా నష్టం జరిగేది ఇక్కడ. పాత డిస్కును చెరిపి కొత్త కూర్పును స్థాపించినప్పుడు ఖతులు పోతాయి. ఫైళ్లను విడిగా దాచుకున్నా, వాటిని తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు దర్శనమిస్తాయి. సిద్ధాంత వ్యాసం గానీ, పెద్దలు టైపు చేయించుకున్న వంశచరిత్ర గానీ అలా కనబడినప్పుడు ఫైలు పాడైపోయిందని భ్రమపడి తీసివేసే ప్రమాదం ఉన్నది. అసలు ఖతిని తిరిగి స్థాపిస్తే చాలు, అక్షరాలు మళ్లీ వస్తాయి.

సాఫ్టువేరు సంగతి ఇంకొంచెం కష్టం. శ్రీలిపి వంటి కొన్ని ప్యాకేజీలు కంప్యూటరు వెనుక తగిలించే హార్డువేరు తాళంతో వచ్చేవి. పాతవాటిలో ఇది ప్రింటరు పోర్టుకు తగిలించేది, కొత్త యంత్రాలలో ఆ పోర్టే ఉండదు. 16 బిట్ల ప్రోగ్రాములు 64 బిట్ల విండోస్‌లో నడవవు. 32 బిట్ల డ్రైవర్లు కూడా 64 బిట్ల కూర్పులో పనికిరావు కనుక, బాగా పనిచేస్తున్న పాత ప్రింటరో స్కానరో ఒక్కసారిగా మూలన పడవచ్చును. తయారీదారు కొత్త డ్రైవరు ఇచ్చాడో లేదో ముందే చూసుకోవాలి.

అందుచేత తెలుగు ఫైళ్లు ఎక్కువగా ఉన్న ఇంట్లో ఉన్నతీకరణకు ముందు చేయవలసిన మొదటి పని వాటిని యూనికోడ్‌లోకి మార్చడం. ఇందుకు పద్మ వంటి మార్పిడి ఉపకరణాలు 2000 దశకంలోనే వచ్చాయి. మార్పిడిలో ఒత్తుల వద్ద, విరామ చిహ్నాల వద్ద తప్పులు దొర్లడం మామూలే కనుక ఒకసారి చదివి చూసుకోక తప్పదు. పుస్తకం వంటి పెద్ద ఫైలును మార్చేటప్పుడు అసలు ప్రతిని, దాని ఖతిని ఒకే ఫోల్డరులో పెట్టి భద్రపరచడం మేలు. పీడీఎఫ్ ప్రతి ఒకటి తీసిపెట్టుకుంటే చదువుకోవడానికైనా మిగులుతుంది.

2017 నాటి వన్నాక్రై దాడి

2017 మే 12న మొదలైన వన్నాక్రై అనే దుష్ట సాఫ్టువేరు ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లను డిమాండు చేసింది. ఆంధ్ర ప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. విండోస్‌లో ఫైళ్లను పంచుకునే పాత పద్ధతిలోని లోపం ద్వారా ఇది ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి దానంతట అదే పాకింది. వాడేవారు ఏ లంకెనూ నొక్కనక్కరలేదు.

ఈ దాడిని పాత కూర్పులు వాడినందుకు పడిన శిక్షగా చెప్పడం పరిపాటి. అది సగమే నిజం. ఆ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్టు దాడికి రెండు నెలల ముందే, 2017 మార్చిలో విడుదల చేసింది. దాడికి గురైన వాటిలో అత్యధికం ఎక్స్‌పీ యంత్రాలు కావు. అప్పటికి గడువు ముగియని విండోస్ 7 నడుపుతూ ఆ సవరణను తీసుకోని యంత్రాలే. ఇంటర్నెట్టు నెమ్మదిగా ఉన్నదనో, డేటా అయిపోతుందనో తాజాకరణలను ఆపివేసే అలవాటు మన ఇళ్లలో కూడా ఉన్నది. అటువంటి ఇంట్లో కూర్పు మార్చినా భద్రత పెరగదు.

దాడి తీవ్రతను బట్టి, గడువు ముగిసి మూడేళ్లయిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్టు ప్రత్యేకంగా సవరణ ఇచ్చింది. అది మినహాయింపు. దానిని నమ్ముకుని పాత కూర్పులో ఉండిపోవడం తగదు.

యంత్రం మోయగలదా

విండోస్ 98కి 16 మెగాబైట్ల మెమరీ కనీస అవసరం కాగా, ఎక్స్‌పీకి 64, విస్టాకు 512 మెగాబైట్లు కావలసి వచ్చింది. ఇవి కనీస సంఖ్యలు మాత్రమే. కనీస మెమరీతో విస్టా నడిపినవారికి దాని నెమ్మది గుర్తుండే ఉంటుంది. ఆ కారణంగానే చాలామంది ఎక్స్‌పీని వదలక, 2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చే వరకు వేచి చూశారు. ఆ వేచి ఉండడం వివేకమే అయింది.

2015 జూలై 29 నుండి ఏడాదిపాటు విండోస్ 7, 8.1 వాడేవారికి విండోస్ 10ను ఉచితంగా ఇచ్చారు. అయితే వద్దనుకునేవారికి కూడా పదే పదే కిటికీలు తెరిచి చూపడం, 2016లో ఒక దశలో ఆ కిటికీని మూసివేసినా అంగీకారంగానే పరిగణించడం విమర్శలకు దారితీశాయి.

విండోస్ 11 రాకతో (2021 అక్టోబరు 5) పరిస్థితి తలకిందులైంది. దానికి 4 గిగాబైట్ల మెమరీతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సురక్షిత బూటు సదుపాయం అవసరం. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదవ తరం నుండి వచ్చిన ప్రాసెసర్లనే అధికారికంగా అంగీకరిస్తారు. దీనివలన 2015, 2016 ప్రాంతాలలో కొన్న ఎన్నో కంప్యూటర్లు, విండోస్ 10తో హాయిగా పనిచేస్తున్నవి కూడా, అనర్హమయ్యాయి. అటువంటి వారి కోసం విండోస్ 10కి 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా సవరణలు పొందే అవకాశాన్ని మైక్రోసాఫ్టు ప్రకటించింది. అనర్హమైన యంత్రంలో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే పద్ధతులు ఉన్నాయి గానీ, వాటికి తాజాకరణలు అందుతాయన్న హామీ లేదు.

కంప్యూటరు నెమ్మదించిందన్న ఒక్క కారణంతో కూర్పు మార్చడం సాధారణంగా వ్యర్థం. పాత హార్డు డిస్కు బదులు ఎస్ఎస్‌డీ పెట్టించి, మెమరీ పెంచితే వచ్చే వేగం కొత్త విండోస్‌తో రాదు.

లినక్స్

గడువు ముగిసిన యంత్రానికి మరొక దారి లినక్స్ ఆధారిత వ్యవస్థలు. ఇవి ఉచితం. లోహిత్ తెలుగు వంటి స్వేచ్ఛా ఖతులతో తెలుగు అక్షరాలను సక్రమంగానే చూపుతాయి. గ్నోమ్, కేడీఈ వంటి వాటి తెలుగు అనువాదం స్వచ్ఛంద కార్యకర్తల కృషి. హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ ఈ రంగంలో పనిచేసింది. సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా భారతీయ భాషలకు ఉద్దేశించినదే.

ఇంటర్నెట్టు, ఉత్తరాలు, పాఠాలు, యూనికోడ్ తెలుగు రాత మాత్రమే అవసరమైన ఇంటికి లినక్స్ చాలును. పేజ్‌మేకర్, అను మీద జీవనం గడిపేవారికి అది సరిపడదు. మరీ పాత 32 బిట్ల యంత్రాలకు లినక్స్‌లోనూ దారులు ఇరుకవుతున్నాయి. ఉబుంటు 2019లోనే వాటిని విడిచిపెట్టగా, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి స్థాపక ప్రతి లేదు.

లినక్స్‌ను డిస్కులో స్థాపించకుండానే పెన్ డ్రైవు నుండి నడిపి చూడవచ్చును. ప్రింటరు, వై-ఫై, తెలుగు కీబోర్డు పనిచేస్తున్నాయో లేదో అరగంటలో తేలిపోతుంది. విండోస్ ఉన్నతీకరణలో ఈ సౌకర్యం లేదు.

మార్చే సమయంలో

ఉన్నతీకరణ సగంలో ఉండగా కరెంటు పోతే వ్యవస్థ పాడయ్యే అవకాశం ఉన్నది. కోతలు ఉండే వేళలలో యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఇంటి యూపీఎస్‌లు ఎక్కువగా కొద్ది నిమిషాలే నిలుస్తాయి కనుక దానిని కూడా పూర్తిగా నమ్మలేము. ల్యాప్‌టాపు అయితే బ్యాటరీ నిండుగా ఉండాలి. డౌన్‌లోడు కొన్ని గిగాబైట్లు ఉంటుంది. మొబైలు డేటాతో చేసేవారు ఇది గమనించాలి.

ఫైళ్ల నకలును అదే డిస్కులోని మరో విభాగంలో పెట్టడం నకలు అనిపించుకోదు. వేరే డిస్కులో పెట్టి, ఆ డిస్కును తీసివేసిన తరువాతే పని ప్రారంభించాలి. విండోస్ 10, 11 కూర్పులలో నచ్చకపోతే పాత కూర్పుకు తిరిగి వెళ్లడానికి మామూలుగా 10 రోజుల గడువు ఉంటుంది. ఆ తరువాత పాత వ్యవస్థను దాచిన ఫోల్డరు దానంతట అదే తొలగిపోతుంది. కనుక ప్రింటరు, స్కానరు, పాత తెలుగు ఫైళ్లు, బ్యాంకు సంతకపు టోకెను వంటివన్నీ ఆ పది రోజులలోనే ఒక్కొక్కటిగా తెరిచి పరీక్షించుకోవాలి.