గురువును నరకమునఁ జూచిన కవి

నరకమనఁగానే మనకు గరుడపురాణము జ్ఞప్తికి వచ్చును. ఇంట నెవరైనఁ గాలము చేసినపుడు చదివించి వినుచుందుము. అందు వైతరణి గలదు, యమభటులు గలరు; గాని పాపి మన పొరుగూరివాఁడని పేరు పెట్టి చెప్పుట లేదు. ఇటలీ దేశపు మహాకవి దాంతే యట్లు చెప్పెను. అతని నరకమునందలివారు పలువురు అతఁడెఱిఁగిన మనుష్యులే.

ఈతఁడు 1265లో ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరమున నల్లవారనియు తెల్లవారనియు రెండు కక్షలుండెను. దాంతే తెల్లకక్షవాఁడు. పోపు ఎనిమిదవ బోనిఫేసు తోడ్పాటున నల్లవారు గెలిచి, పదవిలో నుండి లంచము తినెనని 1302లో ఇతనిపై నేరము మోపి వెడలఁగొట్టిరి. పట్టుపడినచో సజీవముగా దహింపవలెనని తీర్పు చెప్పిరి. ఆ తీర్పును నగరసభ రద్దు చేసినది 2008లో! కవి మాత్రము జన్మభూమిని మరలఁ జూడక 1321లో రవెన్నాయందుఁ గన్నుమూసెను.

పండితభాషయగు లాటినును విడిచి, దేశభాషలో అతఁడు ప్రవాసమున నీ కావ్యము వ్రాసెను. నరకమునకు తొమ్మిది వలయములు. లంచగొండులను సలసల క్రాఁగు తారులో ముంచుదురు. తనపై మోపిన నేరమునకు తానే కల్పించిన శిక్ష యిది. బోనిఫేసునకును చోటు సిద్ధము. కథాకాలమగు 1300లో ఆ పోపు సజీవుఁడే. అయినను గోతిలో తలక్రిందులుగానున్న మఱియొక పోపు, దాంతేను చూడలేక, బోనిఫేసే ముందుగా వచ్చెనని భ్రమపడును.

ఇదంతయు పగ తీర్చుకొనుటయే యని తలఁచి, ఆంగ్లానువాదమును చదువుచున్న నేను పుస్తకము మూయఁబోయితిని. అంతలో పదునైదవ సర్గ వచ్చెను. నిప్పులు కురియుచున్న యిసుకనేలపై నుండి, ముఖము కాలిన యొక వృద్ధుఁడు కవి యంగీ యంచు పట్టుకొనెను. అతఁడు బ్రూనెత్తో లాతీని, కవికి విద్య గఱపిన పెద్ద. కవి యాశ్చర్యపడి, మనము 'మీరు' అన్నట్లే గౌరవవాచకముతోఁ బలుకరించెను. గట్టు దిగుటకు ధైర్యము చాలలేదని తానే యొప్పుకొని, తలవంచి ప్రక్కన నడచెను. ఆయన చేసిన పాప మిదియని యచట విప్పి చెప్పలేదు.

తిక్కన సోమయాజి తెనిఁగించిన స్వర్గారోహణపర్వమున ధర్మరాజునకు నరకదర్శన మేల కలిగెను? ద్రోణుని వంచించినందులకు. గురువును మోసగించిన శిష్యుఁ డచట నరకము చూచెను. ఇచట శిష్యుఁడే గురువును నరకమునఁ బెట్టెను. ధర్మరాజు తనవారి యార్తనాదము విని, స్వర్గ మక్కఱలేదని యచటనే నిలిచెను. దాంతే నిలువలేదు. ఈ విషయమున నా మనస్సు ధర్మరాజు పక్షమే.

అయినను, నలువదేండ్లు పాఠములు చెప్పినవాఁడను గనుక, ఆ సర్గ తుది నన్ను వదలదు. విడిపోవునపుడు ఆ గురువు శిష్యుని విడుదల యడుగలేదు, ప్రార్థన యడుగలేదు. తాను వ్రాసిన 'నిధి' యను గ్రంథమును కాపాడుమని మాత్ర మడిగి, తనవారిని కలిసికొనుటకు ఆ నిప్పులలోఁ బరుగెత్తిపోయెను.