ఋషికుల్య కడలి - మన జాలరుల బ్రదుకు

ఋషికుల్యానది బంగాళాఖాతమున గలియు చోట, గంజాం జిల్లాలో, పురుణబంధ, గోఖరకుద మొదలగు పల్లెలు కలవు. ఒడియావారు నొళియాలని పిలుచు తెలుగు జాలరులు ఈ తీరమున తరతరములుగా నున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్ర మేర్పడువరకు గంజాం మదరాసు రాజధానిలోనిది. శ్రీకాకుళమును ఆ జిల్లాలోనిదే. కావున వీరి పూర్వులు ఆ తీరమునుండి ఇచటికి వచ్చుట పొరుగూరికి వచ్చుట వంటిదే.

ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేళ్లు ఈ ఇసుకలో గ్రుడ్లు పెట్టును. ఉత్తరమున గహిర్మఠ తీరమునకు అవి వేలకొలది వచ్చుట 1974లో శాస్త్రజ్ఞులకు తెలిసినది. ఋషికుల్య సంగతి 1994లో గాని తెలియలేదు. పల్లెవారికి మాత్రము అది క్రొత్త కాదు. 1997లో గహిర్మఠ కడలిలో 1,435 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైనది. ఋషికుల్య యెదుటి కడలిని గూడ అట్లే చేయవలెనను వాదము కలదు. ఇప్పటికే ఏటేట నవంబరు 1 మొదలు మే 31 వరకు ఇచట వేటకు నిషేధము.

ఇట్టి కడలి యోగ్యతను నిర్ణయించుట సులభము కాదు. 2023లో ఇచటికి ఆరు లక్షలకు మించిన తాబేళ్లు వచ్చినవి. 2024లో గుంపుగా రానేలేదు. 2025లో మరల ఆరు లక్షలు దాటినవి. ఏ యొక్క యేటి లెక్కను నమ్మి గీత గీయగలము? తీరమును నిలుకడగ నుండదు. పొదంపేటను సముద్రము చాలవరకు కోసివేసినది. కచేరీలో పటముపై రూళ్లకఱ్ఱతో గీత గీయుట మేమెఱుగుదుము. కడలిలో సరిహద్దు రాళ్లుండవు.

తాబేలు ఊపిరికై నీటిపైకి రావలెను. ట్రాలరు వల గంటలకొలది నీటిలో ఈడ్వబడుటచే అందు చిక్కినది ఊపిరాడక చచ్చును. తాబేలు తప్పించుకొనుటకు వలలో అమర్చు చట్రము కలదుగాని, దానితో చేపలును జారిపోవునని ట్రాలరు యజమానులు వెనుదీయుదురు. తెప్పపై పోయి చేతితో వల లాగువాడు చిక్కిన తాబేలును విడువగలడు. 1982నాటి ఒడిస్సా చట్టము తీరమునుండి 5 కిలోమీటర్ల కడలిని యంత్రములేని పడవలకే విడిచినది. ఆ నియమము సరిగా నడిచిన సగము పని యైనట్లే యని మా తలంపు. తెప్పను, ట్రాలరును ఒకే నిషేధమున గట్టుట న్యాయము కాదు.

ఏడు మాసములు పొయ్యి యెట్లు రగులునో గూడ విచారణలో లెక్కకు రావలెను. ఏ నెలలో నీరు ఎటు పారునో, తాబేళ్లు ఎచట గుమిగూడునో ఆ పల్లెల వృద్ధులకు తెలియును. విచారణకు వచ్చు అధికారులు వారిని తెలుగున గూడ ప్రశ్నింపవలెనని కోరుచున్నాము.