హిప్ హాప్ గీతములు – అశ్లీలతావిచారము

క్రీ. శ. 1990 జూన్ 6వ తేదిని అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఫ్లారిడాయందు ఫెడరల్ న్యాయాధిపతి హోసే గొంజాలెస్ ఒక పాటలసంపుటిని అశ్లీలమని నిర్ణయించెను. మయామీ నగరపు టూ లైవ్ క్రూ బృందము 1989లో వెలువరించిన "యాజ్ నాస్టీ యాజ్ దే వానా బీ" యే యా సంపుటి. అందలి మాటలు బూతులగుట యెల్లరు నొప్పుకొన్నదే. ఆ మాటల యర్థమును నిర్ణయించుట కధికారి యెవ్వఁ డనునదియే వివాదము.

హిప్ హాప్ 1973 ప్రాంతమున న్యూయార్కులోని బ్రాంక్సు పేటలో యువజనుల నృత్యగోష్ఠులయందుఁ బుట్టినది. దాని వాచికభాగమే ర్యాప్. అంతకుఁ బూర్వమే నల్లజాతివారిలో "డజన్స్" అను వాక్క్రీడ కలదు. ఇద్దఱు ఎదురెదుట నిలిచి, ఒకరి కుటుంబము నొకరు అతిశయోక్తులతో దూషించుకొందురు. ముందుగాఁ గోపించినవాఁ డోడినట్లు. మన తిట్టుకవిత్వమునఁ బలికినది ఫలించు నని నమ్మకము. డజన్సులోఁ బలికినది నిజము కాదనుటయే నియమము. దానిని వాచ్యార్థమునఁ గొన్నవాఁ డాట యెఱుఁగనివాఁడు.

తీర్పు వెలువడిన కొలఁదిదినములకే ఆ సంపుటి నమ్మిన వర్తకుఁ డొకఁడును, ఆ పాటలు పాడినవారును నిర్బంధింపఁబడిరి. అక్టోబరులో బ్రోవర్డు మండలముననే వర్తకునకు నేరము స్థిరపడెను. పాడినవారికి విడుదల కలిగెను. ఒకే మాటలకు ఒకే నెలలో రెండు తీర్పులు! గాయకుల పక్షమున సాక్ష్య మిచ్చినవాఁడు హెన్రీ లూయీ గేట్సు. నల్లవారి వక్రోక్తిసంప్రదాయమును గూర్చి 1988లో "ది సిగ్నిఫయింగ్ మంకీ" రచించిన పండితుఁ డాయన. నల్లవారిపై లోకము మోపిన కాముకత్వాపవాదమును ఈ పాటలు వికటానుకరణముచే నపహసించుచున్న వని ఆయన వాదము.

1973 నాఁటి మిల్లర్ తీర్పు ననుసరించి, గంభీరమైన కళాప్రయోజనము లేదని తేలినఁ గాని దేనిని నశ్లీలమనుటకు వీలులేదు. గొంజాలెస్ యెదుట షెరీఫు పక్షమువారు ధ్వనిముద్రికను దప్ప వేఱు సాక్ష్యమును జూపలేదు. గాయకుల పక్షమున సంగీతవిమర్శకులు మొదలగువారు చెప్పినదానికి ఖండనము లేదు. విన్నంతమాత్రమున న్యాయాధిపతి కళావిలువను నిర్ణయింపఁజాలఁ డని 1992 మే నెలలో పదునొకండవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును రద్దుచేసెను.

సంప్రదాయజ్ఞుల కిది జయమే. అయినను వారి వాదము సంపూర్ణము కాదు. ఈ యభియోగమున వర్ణపక్షపాతము కలదని యొప్పుకొనుచునే, ఆ పరిహాసమునకు గుఱియైన నల్లజాతిస్త్రీల మాట యెవ్వరును తలపెట్టలేదని కింబర్లీ క్రెన్‌షా 1991లో ఆక్షేపించెను. ఆక్షేపణము బలమైనది. డజన్సులోఁ దిట్టుపడినవాఁ డక్కడనే బదులు చెప్పును. ధ్వనిముద్రితమైన పాటలోని స్త్రీకి ఆ తావు లేదు. బదులు వేఱొక పాటగానే రావలెను.

అట్టివి రాకపోలేదు. 1984లోనే రోక్సాన్ షాంటే యను పదునాలుగేండ్ల బాలిక, యూటీఎఫ్ఓ బృందమువారి పాటకు ప్రత్యుత్తరముగా "రోక్సాన్స్ రివెంజ్" పాడినది. 1993లో క్వీన్ లతీఫా "యూనిటీ" యను గీతమున, స్త్రీల నీచనామములతోఁ బిలుచువారిని నేరుగా నిలఁదీసెను. ఆ గీతమునకు 1995లో గ్రామీ బహుమానము లభించినది.