నిలువు బావి, అడ్డం ట్యాంకరు

అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో ఉంది బత్తలపల్లె. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది గానీ వానలు మాత్రం పాత అనంతపురానివే: ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలే పిండేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనం ఇక్కడికి వచ్చేసరికి నీరసపడుతుంది. ఇలాంటి సీమలో నీళ్లు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడం బడి లెక్క కాదు, బతుకు లెక్క.

ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన కాలంలో ఆ లెక్క సులువు. గుండ్రంగా, నిటారుగా తవ్విన బావిలో మట్టం ఎంత దిగితే నీళ్లు అంతే తగ్గుతాయి. తాడుకు రాయి కట్టి దించితే చాలు. 20 అడుగుల వ్యాసమున్న బావిలో ఒక్కో అడుగుకు దాదాపు 8,900 లీటర్లు. తర్వాత బోర్లొచ్చాయి. ఆరున్నర అంగుళాల బోరు గొట్టంలో అడుగుకు నిలిచేది ఆరున్నర లీటర్లే. బావి, బోరు రెండూ నిలువు స్థూపాలే కాబట్టి లెక్క తీరు మాత్రం మారలేదు.

ఇంటి కొలతల్లోనైతే సగం నిండిన పాత్ర గొడవే రానివ్వలేదు పెద్దలు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానికలో సగం కావాలంటే గీత చూసుకుని పోయనక్కర్లేదు, తవ్వ నిండా పోస్తే సరిపోతుంది.

చిక్కంతా స్థూపం పడుకున్నప్పుడు మొదలవుతుంది. ఎండాకాలం బోర్లు ఎండి ఊళ్లోకి ట్యాంకరు వచ్చిందంటే, నీళ్లు నిలువు పాత్రలోంచి అడ్డం పాత్రలోకి మారినట్టే. నీళ్లను కొనుక్కోవలసి వచ్చిన రోజుల్లోనే వాటి లెక్కా కష్టమైంది. ట్యాంకరు నిండుగా ఉంటే పేచీ లేదు. ఒక వీధికి కొంత పోసి మిగిలినవి ఇంకో వీధికి తోలేటప్పుడే వస్తుంది పేచీ. లోపల పావు ఎత్తు నీళ్లుంటే పావు వంతు ఉన్నట్టేనా?

కాదు. ఎందుకంటే ట్యాంకరును అడ్డంగా కోస్తే నీళ్ల భాగం ఒక వృత్తఖండం. దాని వైశాల్యాన్ని ట్యాంకరు పొడవుతో గుణించాలి.

వృత్తఖండానికి సూత్రాలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, సుమారు క్రీ.శ. 850లో, మహావీరాచార్యుడు రాసిన ‘గణితసారసంగ్రహం’ రెండు సూత్రాలు ఇచ్చింది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చినది ఈ గ్రంథాన్నే. తెలుగులో తొలి గణిత గ్రంథంగా మల్లన అనువాదానికి పేరు. మహావీరుడు వృత్తఖండాన్ని విల్లుగా చూశాడు: నీటి మట్టం వెడల్పు జ్యా, లోతు బాణం. వ్యవహారానికి చెప్పిన సూత్రంలో జ్యాను, బాణాన్ని కూడి, బాణంతో గుణించి, సగం చేయాలి. సూక్ష్మానికి చెప్పిన దానిలో జ్యాను, బాణాన్ని, 10 వర్గమూలాన్ని గుణించి నాలుగుతో భాగించాలి. మొదటి సూత్రం చైనా ‘తొమ్మిది అధ్యాయాల’ గ్రంథంలోనూ ఉంది. అలెగ్జాండ్రియాకు చెందిన హీరో అనే గ్రీకు గణితజ్ఞుడు కూడా దాన్ని పూర్వుల పద్ధతిగా చెప్పాడు.

1.6 మీటర్ల వ్యాసం, 2.5 మీటర్ల పొడవున్న గుండ్రటి ట్యాంకరు మీద వీటిని పరీక్షించవచ్చు. నిండితే అది 5,027 లీటర్లు పడుతుంది. లోతు 40 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా పావు ఎత్తు అయితే జ్యా 138.6 సెంటీమీటర్లు. అసలు నీళ్లు 983 లీటర్లు. వ్యవహార సూత్రం 893 చూపిస్తుంది, సూక్ష్మమన్నది 1,095. తమాషా ఏమిటంటే సగం నిండినప్పుడు సూక్ష్మ సూత్రమే దాదాపు సరిపోతుంది. లోతు తగ్గిన ఈ చోట మాత్రం మోటు సూత్రమే నిజానికి కాస్త దగ్గర.

ఐరోపాలో ఈ లెక్కను పట్టుకున్నవాళ్లు పన్ను అధికారులు, వ్యాపారులు. 1613లో తన పెళ్లికి ద్రాక్షసారా కొన్న ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్, వర్తకుడు పీపా బెజ్జంలోంచి ఏటవాలుగా కర్ర దూర్చి ధర చెప్పడం చూసి ఆశ్చర్యపోయాడు. ఆ ఆలోచన 1615లో పీపాల ఘనపరిమాణం మీద పుస్తకమైంది. ఇంగ్లండులో ఎక్సైజు అధికారి థామస్ ఎవరార్డ్ 1683లో పీపాల కొలతకు స్లైడ్‌రూలు తయారుచేయించాడు. ఇలాంటి బద్దల మీద నిలబెట్టిన పీపాకు ఒక గీతల వరుస, పడుకోబెట్టిన పీపాకు మరో వరుస ఉండేవి. వెలితి పీపాలో మిగిలిన సరుకును తేల్చడానికే ఆ ఏర్పాటు.

ఆ వారసత్వం నేటి పెట్రోలు బంకుల్లో కనిపిస్తుంది. భూమిలో పడుకోబెట్టిన ట్యాంకులోకి గుర్తులున్న కడ్డీ దించి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, ఆ లోతుకు ఎన్ని లీటర్లో పట్టికలో చదువుకుంటారు. సూత్రం కట్టాల్సిన పని పట్టిక చేసేవాడిది.

నీళ్ల ట్యాంకరుకూ అలాంటి పట్టిక రాసుకోవచ్చు. పై కొలతల ట్యాంకరులో అడుగున ఉన్న తొలి 40 సెంటీమీటర్లకు 983 లీటర్లు, ఆపై 40కి 1,531, మూడో 40కి మళ్లీ 1,531, చివరి 40కి 983. కర్ర మీద పావు గీత చూసి 1,257 లీటర్లు ఉన్నాయనుకున్న వీధికి 274 లీటర్లు తక్కువ వస్తాయి: 15 లీటర్ల బిందెలు 18 పైచిలుకు.