పిండినల్లిని మరిచిన చరిత్ర

డీఎన్ఏ అక్షరాలు మారకుండానే జన్యువులు ఎలా మేల్కొంటాయో, ఎలా మూతపడతాయో చెప్పే ఎపిజెనెటిక్స్ చరిత్రను చాలామంది 1942లో జీవశాస్త్రవేత్త వాడింగ్టన్ ఆ పేరు పెట్టడంతో మొదలుపెడతారు. 1975లో రిగ్స్ ఒకవైపు, హాలిడే–ప్యూ మరోవైపు, డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులు కణవిభజన తర్వాతా నిలిచి జన్యువులను అదుపు చేయగలవని ప్రతిపాదించారు. 1996లో ఆలిస్ బృందం, డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్లైన హిస్టోన్లకు ఎసిటైల్ గుర్తు తగిలించే ఎంజైమును, జన్యువును మేల్కొలిపే ప్రోటీనును ముడిపెట్టింది. ఇందులో అబద్ధం లేదు. పేరు పుట్టిన నాడే బిడ్డ పుట్టిందనుకోవడమే నాకు మింగుడుపడదు.

పత్తి చేలో, బత్తాయి తోటలో మన రైతు తిట్టుకునే పిండినల్లి జాతికి ఈ కథలో పెద్దపీట దక్కాలి. దానిలో లింగాన్ని తేల్చే ప్రత్యేక క్రోమోజోము లేదు. ఆడదానికీ మగదానికీ తల్లి నుంచి ఒక జట్టు క్రోమోజోములు, తండ్రి నుంచి ఒక జట్టు వస్తాయి. కానీ మగపిండంలో ఒక జట్టు ముడుచుకుపోతుంది. ఫ్రాంజ్ ష్రాడర్ 1921లోనే ఈ ముడుచుకున్న క్రోమోజోములను వర్ణించాడు. అవి తండ్రివేనని తేల్చినవాళ్లు స్పెన్సర్ బ్రౌన్, నెల్సన్-రీస్. 1961లో వాళ్లు ప్రచురించిన ప్రయోగం ముచ్చటైనది. తండ్రులను ఎక్స్ కిరణాలకు గురిచేస్తే కూతుళ్లు చచ్చాయి, కొడుకులు బతికాయి. తల్లులను గురిచేస్తే రెండూ చచ్చాయి. కొడుకుల్లో తండ్రి జట్టు ఎలాగూ మూగది, చితికినా నష్టం లేదు!

అంటే డీఎన్ఏ అక్షరం మారకుండానే, ఎవరి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి జన్యువు మాట్లాడుతుంది లేదా మౌనం వహిస్తుంది. 1960లో హెలెన్ క్రౌజ్ సియారా ఈగల్లో ఇలాంటిదానికే ‘ముద్ర’ అన్న మాట వాడింది. 1975లో బెంగళూరు శాస్త్రవేత్త శరత్‌చంద్ర, బ్రౌన్‌తో కలిసి, ఈ ఆలోచనను క్షీరదాల ఎక్స్ క్రోమోజోముకు అన్వయించాడు. పేరు మాత్రం 1984 నాటి ఎలుక పిండాల ప్రయోగాలకు దక్కింది.

అయితే అతిగా వాదించను. ముద్ర దేనితో తయారైందో పురుగుల పరిశోధకులు చెప్పలేకపోయారు. మూతపడిన జట్టు కొన్ని కణజాలాల్లో మళ్లీ తెరుచుకుంటుంది కూడా. మేరీ లయన్ 1961లో ఎలుకల్లో ఊహించిన ఎక్స్ క్రోమోజోము మౌనం తల్లిదండ్రులను బట్టి కాదు, యాదృచ్ఛికంగా జరిగేది. వంశవృక్షం సూటిగా లేదు.

నేటి సంగతికొస్తే, మిథైల్ గుర్తులు పడకుండా చేసే అజాసైటిడిన్‌కు 2004లో అమెరికాలో ఎముకమజ్జ వ్యాధికి అనుమతి లభించింది. అది నిజమైన ఫలం. మిథైలేషనే సర్వస్వం అనడం మాత్రం తొందరపాటు: పండ్ల ఈగలో అది దాదాపు లేదు, అయినా జన్యువులు మూతపడుతూనే ఉన్నాయి. తాతల కష్టాలు మనవల జన్యువులపై రాసి ఉంటాయన్న ప్రచారం ఇంకా వింత. బీజకణాలు తయారయ్యేటప్పుడు, ఫలదీకరణ తర్వాత ఆ గుర్తుల్లో చాలాభాగం చెరిగిపోతుంది. తరచూ ఉదహరించే 1944–45 డచ్ కరువు అధ్యయనం 2008లో మిథైల్ గుర్తుల్లో కనుగొన్న తేడాలు చిన్నవి. అవీ ఆ కరువులో తల్లి కడుపున పడినవాళ్లలోనే. మనవల సంగతి అది పరిశీలించలేదు.