మన పత్రములు, పరుల కాపుదల

తూర్పు చాళుక్యుల కాలమున అగ్రహారమును పొందిన విప్రునకు రాజొసగిన శాసనము రాగిరేకులపై చెక్కబడి, ఆ రేకులు ఒక కడియమునకు కూర్చబడి, ఆ కడియపు కొనలు వరాహలాంఛనమును 'శ్రీ త్రిభువనాంకుశ' యను బిరుదును గల రాజముద్రచే బంధింపబడి, అతని చేతికే ఒప్పగింపబడెడివి. అతడు వానిని గోడలోనో, నేలమాళిగలోనో, పాత్రలో పెట్టి పెరటిలోనో దాచుకొనెడివాడు. నేడు మన పురావస్తుశాలలలో కానవచ్చు తామ్రశాసనములలో అనేకము దున్నుచున్నప్పుడో, పునాదులు త్రవ్వుచున్నప్పుడో వెలువడినవే. ఆ కాలముననే దేవాలయములకు ఇచ్చిన దానములు మాత్రము ద్రాక్షారామ సింహాచలాది క్షేత్రములలో గోడలపైనను స్తంభములపైనను ఎల్లవారి కంటబడునట్లు వ్రాయబడినవి. దాచుటచే ఒకటి, చాటుటచే మరియొకటి రక్షణ పొందెను. ఒక మనిషికి సంబంధించిన వ్రాతను ఎక్కడ ఉంచవలెను, ఎవరికి చూపవలెను అను విచారము మనకు కంప్యూటరుతో వచ్చినది కాదనుటకు ఈ రెండు పద్ధతులును చాలును.

రాగి చెదలకు లొంగదు గాని, మోసమునకు అతీతము కాదు. కూటశాసనములను కల్పించువారికి మనుస్మృతి మరణదండనమును విధించుటను బట్టి ఆ నేరము ఎంత ప్రాచీనమో ఊహింపవచ్చును. నేటికిని శాసనపరిశోధకులు లిపిని, తిథివారములను, వంశక్రమమును పరీక్షించి కొన్ని రేకులను కూటములని త్రోసిపుచ్చుచున్నారు. అంతకంటె లోతుగా ఆలోచింపజేయునది తిరుమల ఉదంతము. తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనములను ఆయన కుమారుడైన పెదతిరుమలాచార్యుని కాలమున వేలకొలది రాగిరేకులపై చెక్కించి, ఆలయములోనే ఒక అరయందు భద్రపరచిరి. రేకులు నిలిచినవి. కాని ఆ అర జనస్మృతినుండి తొలగిపోయి, ఇరువదవ శతాబ్దమున అవి వెలికివచ్చి దేవస్థానమువారు అచ్చొత్తించునంతవరకు, ఆ పదములలో అధికభాగము పాడువారు లేక మూగవోయి యుండెను. ఎవరికిని అందని భద్రత ఎంత నష్టమును తెచ్చునో తెలుగువారికి ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

రాగిరేకును పొందు భాగ్యము ఎందరిది? సామాన్యరైతు హక్కు ఆకులలో నుండెను. ఆ ఆకులు ఊరిలెక్కలు వ్రాయు కరణముగారి ఇంట నుండెను. తాటాకులపై గంటముతో వ్రాసి త్రాటికి గ్రుచ్చిన కవిలెకట్టలు, బలపముతో వ్రాయుటకు వీలైన నల్లని కడితములు, పిదప కాగితము వచ్చిన తరువాత గుడ్డలో చుట్టిన దస్తరములు, ఇవన్నియు ఆ ఇంటి అటకపైననో, పెట్టెలోనో తరతరములుగా పెరుగుచు వచ్చెను. ఏ చేను ఎవరిది, ఏ మడికి ఏ కాలువనీరు పారును, ఎవరు ఎంత శిస్తు బాకీపడిరి, ఎవరి తాత ఎవరికి దత్తుడు, ఏ మాన్యము ఏ సేవకై యీయబడెను, ఈ సమస్తమును అందుండెను. కచేరీయు గృహమును ఒకటే. ఉద్యోగమును ఆస్తియు ఒకటే. తండ్రి నుండి కొడుకునకు పదవితోబాటు ఊరివారి రహస్యములును సంక్రమించెడివి.

ఈ కవిలెల విలువను మొదట గుర్తించి విస్తారముగా నకళ్లు తీయించినవాడు, 1815లో భారతదేశమునకు సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ. ఏలూరివారైన కావలి సోదరులలో మొదట బొర్రయ్యయు, 1803లో అతడు అకాలమరణము నొందిన పిదప లక్ష్మయ్యయు ఆయనకు కుడిభుజములై, పండితులను వ్రాయసకాండ్రను ఊరూరికి నడిపించి, కైఫీయతులను గ్రామచరిత్రలను సేకరించిరి. వానిలో అనేకమునకు ఆధారము కరణముల దండకవిలెలే. ఆ సంపుటములును శిథిలము కాజొచ్చగా, సి.పి. బ్రౌను వానిలో పెక్కింటికి తిరిగి ప్రతులు వ్రాయించెను. మూలకవిలెలు అటకలపైననే అధికముగా నశించినవి. ఊరు విడిచి వెళ్లి మరియొక చేతి వ్రాతలోనికి ఎక్కినవి మాత్రమే నేడు మన చరిత్రకారుల చేతికి అందుచున్నవి. బొర్రయ్య లక్ష్మయ్యలకు తెలుగుదేశము తీర్చవలసినంత ఋణము ఇంకను తీర్చలేదని నా విశ్వాసము.

కరణమును దుర్మార్గునిగా చిత్రించుట మనకు వాడుకయైపోయినది. అది పూర్తిసత్యము కాదు. అక్షరము రాని ఊరికి అతడే జ్ఞాపకశక్తి. సరిహద్దు తగవులను కచేరీ ఎక్కకుండ తీర్చిన కరణములు కోకొల్లలు. అయినను, ఒకని సర్వస్వమును తెలుపు వ్రాత మరియొకని ఇంట, మొదటివానికి చదువరాని రూపమున, అతనికి ప్రతి లేకుండ ఉన్నప్పుడు, ఆ రెండవవాడు ఎంత సజ్జనుడైనను మొదటివాడు అతని దయపై ఆధారపడక తప్పదు. చెన్నపురి ప్రెసిడెన్సీలోని జిల్లాలలో ఏటేట జరుగు జమాబందిలో పై అధికారులు అడంగళ్లను, చిట్టాలను తనిఖీ చేయుట కొంత అదుపుగా నుండెను. నైజాము తెలంగాణమున కరణమునకు సాటియైన పట్వారీ వ్రాతలు పెక్కు రైతునకు రాని ఉర్దూలో నుండుటచే దూరము మరింత పెరిగెను. అచ్చట 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ నేటికిని భూవివాదములలో మొదట వెదకబడు పత్రమగుటకు కారణము, అది ఆ కాలమునకు పొలము పొలమునకు ఎవరు పట్టాదారులో, ఎవరు అనుభవదారులో ఒక్కచోట తేల్చియుంచుటయే.

ఈ దాస్యమునకు విరుగుడు రెండు మార్గములలో వచ్చెను. మొదటిది రిజిస్ట్రేషను. 1908 నాటి చట్టము ప్రకారము రిజిస్ట్రారు దస్తావేజును తన పుస్తకములోనికి ఎక్కించుకొని మూలమును స్వంతదారునకు తిరిగి యిచ్చును. పోయినచో నకలు దొరకును, దిద్దినచో నకలు సాక్ష్యము చెప్పును. రెండవది పట్టాదారు పాసుపుస్తకము. 1971 నాటి చట్టమును, దాని తరువాతి సవరణలును రైతు చేతికి ఒక పుస్తకమును తెచ్చినవి. రెండు చేతులలో రెండు ప్రతులు. ఏ ఒక్కరును రెండింటిని మార్చలేరు. మన పూర్వులు పత్రరక్షణమునకై కనుగొన్న ఉపాయములలో ఇంతకంటె శ్రేష్ఠమైనది లేదని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కరణము, మునసబు, పటేలు, పట్వారీ పదవులను రద్దుచేసెను. మరుసటి సంవత్సరము సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. అయితే తరతరములు ఇండ్లలో ఉన్న దస్తరములన్నియు ఒక్కమాటున మండల కార్యాలయములకు చేరలేదు. చేరినవియు చినుకుకు తడిసి, అంచులు విరిగి, బీరువాలలో ముద్దలైనవి. వంశపారంపర్యపు పెత్తనము పోవుట న్యాయమే. కాని పదవి పోయినప్పుడు పత్రముల గతి యేమని ముందుగా ఆలోచింపకపోవుట యొక్క ఫలమును నేటికిని కోర్టుల మెట్లెక్కుచున్న కుటుంబములు అనుభవించుచున్నవి.

అట్టి స్థితిలో 1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను కార్యాలయములలో 'కార్డ్' అను పేర కంప్యూటర్లు ప్రవేశించెను. దినములకొలది నకలునవీసుల చుట్టు తిరిగి పొందవలసిన ప్రతి, భూమిపై తనఖాలను తెలుపు ఈసీ, కూర్చున్నచోట కూర్చుండగనే చేతికి వచ్చుట ఆనాటివారికి అద్భుతముగా తోచెను. 2015లో 'మీభూమి' వెబ్‌సైటు వెలసి అడంగలును, 1-బి యను హక్కుల పట్టికను ఎవరైనను చూచుకొను వీలు కలిగించెను. డాలసులో ఉద్యోగము చేయు కొడుకు గుంటూరు జిల్లాలోని తండ్రి పొలము ఎవరి పేర నున్నదో రాత్రివేళ తన గదినుండి చూచుకొనగలుగుట చిన్న లాభము కాదు. బీదవానికి లాభము ఇంకను పెద్దది: ఒక కాగితమునకై రోజుకూలి పోగొట్టుకొని, బస్సు ఛార్జీ పెట్టుకొని, ఆ కాగితమును వెదకుటకు మామూలు సమర్పించుకొను దుర్గతి కొంతైనను తగ్గినది. ఈ సౌకర్యమును తృణీకరించి, పాత పెట్టెయే మేలనువారితో నేను ఏకీభవింపను.

కాని ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. రిజిస్ట్రేషను చట్టము ప్రకారము స్థిరాస్తి దస్తావేజుల పుస్తకము మొదటినుండియు బహిరంగమే. రుసుము చెల్లించిన యెవరైనను చూడవచ్చును. అయినను కార్యాలయమునకు పోవలెను, దరఖాస్తు పెట్టవలెను, గుమాస్తా ముఖము చూడవలెను. ఆ శ్రమయే, ఎవరును ఉద్దేశింపకుండగనే, ఒక కావలియై నిలిచెను. దొంగ దస్తావేజులను అరికట్టుటకై 2001లో చట్టమును సవరించి, క్రయవిక్రయదారుల ఛాయాచిత్రములను వ్రేలిముద్రలను పత్రముపై తప్పనిసరి చేసిరి. ఉద్దేశము మంచిదే. పిమ్మట ఆ పత్రముల ప్రతిబింబములు అంతర్జాలమునకు ఎక్కినవి. వ్రేలిముద్రలును వానితోబాటు ఎక్కినవి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డుల వ్యాపారి యొకడు ఆ ప్రతులను దించుకొని, వానిలోని ముద్రలను రబ్బరుపై అచ్చుపోసి, ఆధార్ పరీక్షను దాటించి, ఇతరుల పేర వేలకొలది సిమ్ములను చేతనముచేసిన ఉదంతము బయటపడినది. మోసమును ఆపుటకు తీసికొన్న గుర్తే మోసమునకు పనిముట్టైనది. సంకేతపదము దొంగిలింపబడినచో మార్చుకొందుము. బొటనవ్రేలిని ఎట్లు మార్చుకొందుము? ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణశాఖ వెబ్‌సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ అంకెలు, కులమత వివరములతో సహా, ఎవరైనను చూడదగినట్లు పడియుండెను. శ్రమయను కావలిని తొలగించునప్పుడు దాని స్థానమున మరియొక కావలిని నిలుపవలెనను ఎరుక ఆ కార్యాలయములకు లేకపోయెను.

తెలంగాణ అనుభవము మరియొక వైపును చూపును. 2020 సెప్టెంబరులో గ్రామరెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయ్యెను; అక్టోబరు 29న 'ధరణి' యను ఆన్‌లైన్ భూలెక్కల వ్యవస్థ ప్రారంభమయ్యెను. క్రయపత్రము రిజిస్టరైన వెంటనే పేరు మారుట దాని గుణము. అది నిజముగా గొప్ప గుణము. అయితే విస్తీర్ణము తగ్గిపడినవారు, పేరు తప్పుపడినవారు, తమ పట్టాభూమి నిషేధిత జాబితాలో కనబడినవారు, దిద్దించుకొనుటకు ఎవరివద్దకు పోవలెనో తెలియక కలెక్టరు కార్యాలయముల చుట్టును న్యాయస్థానముల చుట్టును తిరిగిరి. పాత పహాణీలోని అనుభవదారు గడి క్రొత్త లెక్కలో లేకపోవుటచే, కౌలుదారుని ఉనికికే వ్రాత లేకపోయెను. 2025 ఏప్రిల్ 14న భూభారతి దాని స్థానమును ఆక్రమించి, అప్పీలు మార్గములను తిరిగి తెరచినది. కరణము తప్పు వ్రాసినచో అతని గుమ్మమున నిలిచి అడుగుట సాధ్యమైయుండెను. ధరణి తెరపై తప్పు కనబడినప్పుడు అడుగుటకు గుమ్మము లేకపోయెను. పత్రభద్రతలో ఈ జవాబుదారీ సగపాలని నా అభిప్రాయము.

భూమిపత్రములను దాటి, నేడు జననధ్రువపత్రము, మార్కులపట్టిక, బండి లైసెన్సు వంటివన్నియు పరుల గిడ్డంగులకు చేరుచున్నవి. 2015 జులైలో ప్రభుత్వము లాంఛనముగా ప్రారంభించిన ఆన్‌లైన్ పత్రపేటికయైన డిజిలాకరులో సంస్థలు నేరుగా జారీచేసిన పత్రములను నిబంధనలు మూలములతో సమానముగ గుర్తించినవి. ఉప్పెనలకు, అగ్నిప్రమాదములకు గురియగు తీరగ్రామములకు ఇది వరము. 1977 నవంబరు నాటి ఉప్పెనలో దివిసీమలో మనుష్యులతో, పశువులతోబాటు ఎన్ని ఇండ్ల కాగితములు సముద్రము పాలైనవో తలచుకొన్నచో దీని విలువ తెలియును. 2020లో దాని ప్రవేశపద్ధతిలో, ఇతరుల ఖాతాను తెరువ వీలుకల్పించు లోపమొకటి కనుగొనబడి, సరిదిద్దబడిన మాటయు నిజము. ప్రైవేటు గిడ్డంగులు అంతకంటె స్థిరమని అనుకొనుటకు వీలులేదు: మన యువకులు తమ స్నేహములను, ఛాయాచిత్రములను దాచుకొన్న ఆర్కుట్ అను సామాజికమాధ్యమము 2014 సెప్టెంబరు 30న మూతపడినది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరమున ప్రభుత్వ సమాచారకేంద్రమునందు బ్యాటరీలనుండి మంటలు లేచి, ఉద్యోగులు తమ పనిపత్రములను ఉంచుకొను 858 టెరాబైట్ల నిల్వ, వేరొకచోట ప్రతి లేని కారణమున, పూర్తిగా నశించినది. యంత్రవిద్యలో అగ్రగణ్యమైన దేశమున, మన అటకపై కవిలెకు పట్టిన గతియే దానికి పట్టినది.

కావున నా తీర్పు ఇది. ఆన్‌లైన్ నిల్వ రెండవ ప్రతిగా అమూల్యము, ఏకైకప్రతిగా ప్రమాదకరము. ప్రభుత్వమును కోరవలసినది రెండు విషయములు: బహిరంగపత్రములనుండి వ్రేలిముద్రలను ఆధార్ అంకెలను మినహాయింపు లేకుండ తొలగించుట; ప్రతి మండలమునందును, తప్పును నిర్ణీతగడువులో దిద్దుటకు పేరుపెట్టి బాధ్యుడైన ఒక అధికారిని నియమించుట. పాఠకులు తమంతట చేసికొనదగినవియు కలవు. మీ 1-బిని లేదా పహాణీని, ఈసీని, మార్కులపట్టికలను దించుకొని ముద్రించి, ఒక ప్రతిని మీ ఇంటను, మరియొకదానిని నమ్మదగిన బంధువుల ఇంటను ఉంచుడు. ఏటికొకమారు తెరపై నున్న వ్రాతను చేతనున్న వ్రాతతో సరిపోల్చి, తేడా కనబడిన వెంటనే తహసీలుదారునకు లిఖితపూర్వకముగా అర్జీ పెట్టి రసీదు పుచ్చుకొనుడు. ఆధార్ బయోమెట్రిక్ తాళమును వేసికొనుడు. ఓటీపీ అడిగినవాడు ఎంతటి అధికారినని చెప్పుకొన్నను, దానిని చెప్పకుడు.